తువ్వాల పడ్డ సీటు

పొద్దున షట్టర్ ఎత్తి అగరొత్తులు ముట్టిస్తుంటే ఒక మనిషి వచ్చి షాపు మెట్ల దగ్గర ఆగాడు. చెప్పులు విప్పలేదు, లోపలికి రాలేదు. ఎందుకొచ్చాడో అప్పుడే తెలిసిపోయింది. చావు గుడ్డకు వచ్చినవాళ్లు మా గద్దె మీదికి ఎక్కరు, మేమూ ఎక్కమనం. మెట్ల దగ్గరే కొలిచి, కోసిచ్చి పంపించేస్తాం.

"తెల్లగుడ్డ గావాలె సేటూ. మీద కప్పనీకి ఒక తువ్వాల గూడ. జర మంచిదియ్యి," అన్నాడు.

"ఎవలు పోయిన్రు?"

"మా నాయిన. పరకాల లైనుల కండక్టర్ చేసిండు. నీకెరుకే గద."

ఎరుకే. చేతిలో ఉన్న కత్తెర ఒక క్షణం ఆగింది. తర్వాత కోశాను.

"ఎట్లయ్యింది?"

"ఏం గాలే సేటూ. రాత్రి మంచిగ తిని పండుకున్నడు. పొద్దుగాల చాయ్ తీస్కపోయి లేపితె లేవలే. ఒక తకలీబు లేదు, ఒక దవాఖాన లేదు. అదృష్టవంతుడు."

మడికొండ దగ్గర కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో కొడుకు ఫ్లాటు. అక్కడే, ఏసీ గదిలో, పరుపు మీద పోయాడట. కొడుకు తెల్లగుడ్డ చంకలో పెట్టుకుని, తువ్వాల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పోయినవాళ్లను ఏమీ అనకూడదని మా ఇంట్లో ఆవిడ అంటుంది. మంచి చెప్పేవాళ్లకు కొదవ లేదు. సాయంత్రానికి ఆ కాలనీ వాట్సాప్ గ్రూపు నిండా దండం పెట్టే చేతులే ఉంటాయి. నేను నాకు తెలిసిన మనిషి గురించి చెప్తాను. ఇష్టం లేనివాళ్లు చదవడం ఆపేయవచ్చు.

ఆయన పేరు మాలో ఎవరికీ తెలియదు. కండక్టర్ సాబ్ అనేవాళ్లం. ఆయన కండక్టరీ చేసిన బండిని ముక్కు బస్సు అనేవాళ్లం. ఇప్పటి బస్సులకు ముఖం చదునుగా ఉంటుంది. ఈ బండికి ముందర ఇంత పొడుగు ముక్కు, ఆ ముక్కులో ఇంజను, ఇంజనుకు రెండు పక్కలా ఎత్తే రేకులు. చలికాలం పొద్దున అది లేవాలంటే ముందు నుంచి ఇనుప హ్యాండిల్ దూర్చి ఇద్దరు తిప్పాలి. కిటికీలకు అద్దాలు లేవు, వాన వస్తే తాళ్లు విప్పి రెగ్జిన్ పరదాలు దించుకోవాలి. హారను అంటే రబ్బరు బుడ్డి. మొదట్లో ఎవరో షావుకారు సొంతంగా నడిపించిన బండి అట. తర్వాత సర్కారుది అయింది, పట్నం రోడ్ల మీద అరిగినంత అరిగి మా ఊళ్లకు వచ్చింది. అన్న విడిచిన అంగీ తమ్ముడికి వచ్చినట్టు మా దిక్కుకు ఎప్పుడూ అట్లాంటి బస్సులే వచ్చేవి. వచ్చినందుకు కొబ్బరికాయ కొట్టాం కూడా.

నేనప్పుడు పెళ్లికాని వాణ్ణి. మా నాయిన షాపులో కూర్చునేవాడు, నేను బట్టల మూట బస్సు టాపు మీద వేసుకుని పరకాల అవతలి ఊళ్ల వారపు అంగళ్లకు పోయేవాణ్ణి. అంగడి అయ్యాక ముక్కు బస్సు రాత్రి ఆగే ఊళ్లోనే పడుకుని, పొద్దున అదే బస్సులో వరంగల్ వచ్చేవాణ్ణి. కాబట్టి ఆయన్ను నేను చూసినంత దగ్గరగా ఆయన పెళ్లాం కూడా చూసి ఉండదు.

పొడుగ్గా, బక్కగా ఉండేవాడు. ఖాకీ చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ నలగకుండా ఉండేది. మెడలో నల్ల తాడు, తాడుకు ఈల. టికెట్లకు చిల్లు పెట్టే ఇనుప కత్తెర ఒకటి కుడిచేతిలో ఉండేది. దానితో టికెట్లకే కాదు, మనుషులకు కూడా పని చెప్పేవాడు. తలలు లెక్కపెట్టేటప్పుడు ఒక్కొక్క తల మీద దానితో టక్కున కొట్టుకుంటూ పోయేవాడు. ముసలివాళ్లకైతే నెమ్మదిగా కొట్టేవాడు, అదే ఆయన మర్యాద. పటేళ్ల తలలు మాత్రం కళ్లతో లెక్కపెట్టేవాడు.

ఆయన కూర్చోవడం నేను చూడలేదు. కండక్టరుకని ఉన్న సీటు మీద తన రేకు డబ్బా పెట్టుకుని, దాని పక్కన నిలబడేవాడు. ఎవరైనా కాళ్లు నొప్పులంటే, "నిలవడితె కాళ్లు అరుగుతయా? నేను నిలవడ్తలేనా?" అనేవాడు. తను నిలబడుతున్నాడు గనక లోకమంతా నిలబడాలని ఆయన లెక్క. కూర్చునే హక్కు ఉన్నవాళ్లు వేరే ఉంటారని కూడా ఆయన లెక్కే.

ఇంకొక సరదా ఉండేది ఆయనకు. చేలకు అడ్డంపడి, చెయ్యి ఊపుకుంటూ ఎవరైనా పరుగెత్తుకొస్తుంటే బస్సు ఆపించేవాడు. ఆ మనిషి రొప్పుకుంటూ దగ్గరికి వచ్చేదాకా గంట తాడు పట్టుకుని ఓపికగా చూసేవాడు. చెయ్యి మెట్టు కడ్డీకి తగిలిందనగా టింగు టింగుమని లాగేవాడు. బస్సు కదిలిపోయేది. లోపల అందరం నవ్వేవాళ్లం. నిన్న దుమ్ములో నిలబడిపోయినవాడే ఇవ్వాళ లోపల కూర్చుని ఇంకొకణ్ణి చూసి నవ్వేవాడు. మరుసటి రోజు వరకు ఇంకో బస్సు లేదన్న సంగతి నవ్వేవాళ్లందరికీ తెలుసు.

కానీ ఆయన అసలు గుణం తెలియాలంటే తువ్వాలల సంగతి చెప్పాలి. కిటికీలోంచి తువ్వాలో దస్తీయో వేసి సీటు ఆపుకోవడం ఇప్పటికీ ఉంది, ఎవరికీ కొత్త కాదు. మామూలు కండక్టర్లు వేసుకుంటే వేసుకోనీ అని ఊరుకుంటారు. ఈయనకు అది శాస్త్రం. ఏ తువ్వాల ఎవరిదో అంచు చూసి చెప్పేవాడు. నీలం అంచుది కరణంది, జరీ అంచుది రైసుమిల్లు సేటుది, ఎర్రగళ్లది పటేలుది. బస్సు కుదుపుకు తువ్వాల జారితే రెండు వేళ్లతో అంచు పట్టుకుని సర్దేవాడు, నిద్రపోతున్న పసిపిల్లకు దుప్పటి సర్దినట్టు. నిలబడ్డవాడి మోకాలు దానికి తగిలితే ఇనుప కత్తెర మోకాలి మీద పడేది.

"కండ్లు కనవడ్తలేవా? మనిషున్నడు," అనేవాడు.

"ఏడున్నడు సార్, తువ్వాల గదా ఉన్నది," అని ఎవరైనా కొత్తవాడు అంటే, "తువ్వాల పడ్డంక అది మనిషే," అనేవాడు. ఆ మాట రోజుకొకసారైనా వినేవాళ్లం. మా వాడ పిల్లల ఆటల్లోకి కూడా వచ్చింది.

ఎర్రగళ్ల తువ్వాల పటేలు ఉండేది వరంగల్ వచ్చే దారిలో మూడో ఊళ్లో. బస్సు రాత్రి ఆగే ఊళ్లో ఆయన పొలం ఉండేది, జీతగాడు ఉండేవాడు. పటేలుకు వరంగల్‌లో పని పడితే జీతగాడు పొద్దున్నే వచ్చి డ్రైవరు వెనక మొదటి సీటు మీద ఆ తువ్వాల పరిచి పోయేవాడు. మూడో ఊరు వచ్చేదాకా తువ్వాలే ప్రయాణం చేసేది.

అట్లాంటి ఒక పొద్దున రెండో ఊళ్లో దూదేకుల సాయిబు ఎక్కాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పరుపులన్నీ ఆయన ఏకిన దూదితో కుట్టినవే. పటేలు పడుకునే పరుపు కూడా ఆయనదే. పైకి ఎక్కేసరికే మనిషి ముఖం బూడిద రంగులో ఉంది. ఎడమ చేత్తో రొమ్ము పట్టుకుని ఉన్నాడు. వెంట ఆయన బిడ్డ రజియా. ఇంకా ఓణీ వేసే ఈడు రాలేదు, అయినా తల మీద చిన్న గుడ్డ కప్పుకుంది. ఇంట్లో తల్లి పచ్చి బాలింత కాబట్టి తండ్రిని పెద్ద దవాఖానకు తీసుకుపోయే పని ఆ పిల్ల మీద పడింది.

బస్సు నిండుగా ఉంది. ఖాళీగా ఉన్నది ఆ ఒక్క సీటే.

"సార్, మా నాయినకు పాణం బాగలేదు. జర సేపు కూసుండనీయుండ్రి. పటేలు ఎక్కంగనె లేస్తడు," అంది రజియా.

"మనిషున్నడు," అన్నాడు కండక్టరు.

సాయిబు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను, ఆయన చొక్కా వీపంతా చెమటతో అంటుకుపోవడం చూస్తూ. కూర్చున్నవాళ్లంతా కిటికీల్లోంచి పొలాలు చూడటం మొదలుపెట్టారు, పుట్టి బుద్ధెరిగాక పొలాలే చూడనట్టు.

మూడో ఊరు వచ్చింది. డ్రైవరు రబ్బరు బుడ్డి నొక్కాడు. పటేలు బంగళా లోంచి ఇంకో పనివాడు వచ్చి, "పటేలు ఇయ్యాల రాడట. సుట్టాలొచ్చిన్రు," అని చెప్పి, తువ్వాల కోసం చెయ్యి చాపాడు.

"పటేల్ సాబ్ చేతికే ఇస్త. నీకెందుకిస్త," అన్నాడు కండక్టరు. తాడు లాగాడు. బస్సు కదిలింది.

రజియా ముఖం వెలిగింది. తండ్రి చెయ్యి పట్టి సీటు వైపు లాగింది. ఇనుప కత్తెర ఆ చిన్న చెయ్యి మీద టక్కున పడింది.

"రాడన్నడు గద సార్," అంది పిల్ల.

"ఆయన రాకుంటె ఆయన ఇష్టం. తువ్వాల వచ్చింది గద."

ఆ మాటకు వెనక సీట్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నిజంగానే నవ్వారు. సాయిబు కూడా నవ్వబోయాడు, పెద్దవాళ్లు హాస్యమాడితే నవ్వాలి కదా. కాసేపటికి మోకాళ్లు వంగి దారిలో గంపల మధ్య కూలబడ్డాడు. "లే, లే, మంది ఎట్ల దాటాలె," అని కండక్టరు రెక్క పట్టి లేపాడు. వరంగల్ దాకా సాయిబు నిలబడే వచ్చాడు. ఆయన ముందర ఎర్రగళ్ల తువ్వాల కాళ్లు చాపుకుని కూర్చుని వచ్చింది.

బస్టాండులో దిగి, సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు పక్కకు ఒరిగాడు. డ్రైవరు పరుగెత్తుకొచ్చి నోట్లో నీళ్లు పోస్తే నీళ్లు పక్కనుంచి కారిపోయాయి. దవాఖానకు రిక్షా దూరమే మిగిలింది. నిలబడకపోయినా చచ్చేవాడేమో, నేను డాక్టర్ని కాదు. నిలబడి వచ్చి చచ్చాడని మాత్రం చెప్పగలను.

కళ్లూ నోరూ తెరుచుకునే ఉన్నాయి. జనం మూగారు. రజియా తల మీద గుడ్డ తీసి ముఖం మీద వేసింది. అది గడ్డం దాకా రాలేదు. ఆ పిల్ల లేచి కండక్టరు దగ్గరికి పోయింది. ఆయన అప్పటికి ఎర్రగళ్ల తువ్వాలను దులిపి, నాలుగు మడతలు వేసి, రేకు డబ్బాలో పెట్టుకుంటున్నాడు.

"సార్, ఆ తువ్వాల ఇయ్యుండ్రి. మా నాయిన మొకం అందరు చూస్తాన్రు."

"ఇది పటేల్ సాబ్‌ది బిడ్డా. పీనుగు మీద ఏస్తరా ఎవలన్న?"

కోపంగా అనలేదు. చాలా నిదానంగా, చిన్నపిల్లకు తెలియని సంగతి నేర్పినట్టు అన్నాడు. అదే నాకు ఇప్పటికీ మండేది. నేను నిచ్చెనెక్కి టాపు మీద మూట విప్పి, ఇంత గుడ్డ చింపి తెచ్చి కప్పాను. అప్పటికే చూడవలసినవాళ్లంతా చూసేశారు.

కొన్నేళ్లకు ముక్కు బస్సును తుక్కు కింద తీసేశారు. చదును ముఖం బస్సులు వచ్చాయి. తీసుకుపోయే రోజు కండక్టరు దాని ముక్కుకు బంతిపూల దండ వేసి, రేకు మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. చూసినవాళ్లు ఎంత మెత్తని గుండె అన్నారు. ఆయన ఎందుకట్లా తయారయ్యాడో, చిన్నప్పుడు ఎవరైనా ఆయన్ను ఎక్కడైనా నిలబెట్టారో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

రజియా తండ్రి దూది ఏకిన విల్లే పట్టుకుంది. ఇప్పుడు ములుగు రోడ్డు పక్కన పరుపుల దుకాణం. మనవలున్నారు. పరుపు గుడ్డ మొదటి నుంచీ నా దగ్గరే కొంటుంది. ఆనాటి సంగతి మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు, పోయినేడు దాకా.

పోయినేడు ఎండలు ముదరకముందు, పరకాలలో చుట్టాల గృహప్రవేశం చూసుకుని హనుమకొండ బస్సెక్కాను. నా ముందు సీట్లో రజియా. చెల్లెలి కోసం కిటికీలోంచి దస్తీ వేసి పక్క సీటు ఆపి ఉంచింది. ఆడవాళ్లకు టికెట్టు లేకపోయాక బస్సుల్లో సీటు దొరకడమే గగనం, పది మంది నిలబడి ఉన్నారు. చెల్లెలు ఫోన్ చేసి రానని చెప్పింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న ఒక కాలేజీ పిల్లను, "రా బిడ్డా, కూసో," అని పిలిచి, రజియా దస్తీ తీయబోయింది.

అప్పుడే ముందు తలుపులోంచి ఒక ముసలాయన ఎక్కాడు. చేతికర్ర, తెల్ల చొక్కా, ఇస్త్రీ నలగలేదు. మెడలో నల్ల తాడు, తాడుకు ఈల. రిటైరై ఎన్నేళ్లయినా ఈల వదల్లేదు.

రజియా చెయ్యి దస్తీ మీద ఆగింది. కొంచెంసేపు అట్లాగే ఉండి, మెల్లగా వెనక్కి వచ్చింది. దస్తీ సీటు మీదే ఉండిపోయింది.

బస్సు కదిలింది. ముసలాయన వచ్చి సరిగ్గా ఆ సీటు పక్కనే కడ్డీ పట్టుకున్నాడు. కాళ్లు వణుకుతున్నాయి. కాలేజీ పిల్ల, "పెద్దమ్మా, నాకద్దు గని తాతకియ్యరాదా," అంది. కండక్టరు అమ్మాయి కూడా వచ్చి, "ఎవలున్నరమ్మా ఈడ?" అని అడిగింది.

"మనిషున్నడు," అంది రజియా.

నేను లేచి ఆయనకు నా సీటు ఇవ్వవచ్చు. ఇవ్వలేదు. ఇవ్వాళ మళ్లీ అదే బస్సు ఎక్కినా ఇవ్వను.

ఆ మాట ముసలాయనకు వినిపించింది. వంగి సీటు వైపు చూశాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. తిడతాడేమో, బతిమాలుతాడేమో, ఒక్క క్షణమైనా జంకుతాడేమో అని. ఆయన ముఖం సంతోషంతో వికసించింది.

"దస్తీ ఉన్నది గద. ఊకె అడుగుతరేంది?" అని కండక్టరు అమ్మాయినే మందలించాడు. "తువ్వాల పడ్డంక అది మనిషే. నేను నిలవడ్త. నిలవడితె కాళ్లరుగుతయా?"

అంచు జారుతున్న దస్తీని రెండు వేళ్లతో పట్టుకుని, పైకి సర్దాడు.

రజియా పళ్లు బిగించింది. తర్వాత తల ఎత్తి, బస్సంతా వినేటట్టు అడిగింది. "నన్ను గుర్తువట్టినవా? దూదేకుల సాయిబు బిడ్డను. ముక్కు బస్సుల మా నాయినను వరంగల్ దాక నిలవెట్టినవ్. బస్టాండ్ల పాణం పోయింది."

"ముక్కు బస్సా," అన్నాడు ఆయన. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎన్నాళ్లకు యాది చేసినవ్ బిడ్డా. అసొంటి బండి మల్ల రాదు."

"మా నాయిన..."

"ముంగట హ్యాండిల్ తిప్పితె గుర్రం లెక్క లేస్తుండె. వాన కొడ్తె పరదలు నేనే దించుతుంటి. గా హారన్ సప్పుడు ఇంటె మూడు ఊర్లు లేస్తుండె."

ఇక ఆగలేదు. హనుమకొండ దాకా ముక్కు బస్సు కథే. కాలేజీ పిల్ల ఇయర్‌ఫోన్లు తీసేసి ఫోన్లో వీడియో పట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు ముచ్చటపడి, ఇంకా చెప్పు తాతా అని అడిగారు. ఆయన రబ్బరు బుడ్డి హారను నోటితో మోగించి చూపించాడు. కాళ్ల వణుకు కూడా తగ్గింది. రజియా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అక్కడ చూడటానికి పొలాలు కూడా లేవు, వెంచర్ల హద్దురాళ్లు ఉన్నాయి. ఆమె భుజాలు కదులుతున్నాయి.

హనుమకొండలో దిగేటప్పుడు ముసలాయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "సల్లగుండు బిడ్డా. పద్ధతి ఎరుకున్న ఆడిదానివి," అన్నాడు. ఈల తాడు సర్దుకుని దిగిపోయాడు. ఆమె దస్తీ తీసి మడత పెట్టలేదు, ఉండ చేసి కిటికీలోంచి పారేసింది.

ఇవ్వాళ మధ్యాహ్నం రజియా పరుపు గుడ్డ కోసం వచ్చింది. చెప్పకుండా ఉండలేకపోయాను.

"ఎట్ల పోయిండు?" అని అడిగింది.

"నిద్రల్నె. తకలీబు పడలేదట."

"పండుకొనా?"

"పండుకొనే."

ఆమె చేతిలో ఉన్న గుడ్డను అరచేత్తో రుద్దుతూ కూర్చుంది, నాణ్యం చూసినట్టు. నేను ఫ్యాను పెంచాను. "మంచిగనే పోయిండు," అంది. ఆ తర్వాత, "అన్నా, ఎర్రగళ్ల తువ్వాల ఉన్నదా?" అని అడిగింది.

"ఎందుకమ్మా?"

"మా నాయిన గోరీ మీద ఏస్త. పటేల్ సాబ్‌ది అని అడ్డం చెప్పెటోడు ఇయ్యాల పోయిండు గద."

ఈ రోజుల్లో ఎర్రగళ్లది ఎవరూ అడగరు. పై అరలో వెతికి, దుమ్ము దులిపి ఇచ్చాను. ఆమె విప్పి, రెండు చేతులతో అంచులు పట్టుకుని తన ముఖానికి ఎదురుగా ఎత్తి చూసింది. తువ్వాల వెనక ఆమె ముఖం నాకు కనిపించలేదు, మాట మాత్రమే వినిపించింది.

"మొకమంత కప్పుతదా అన్నా?"

కప్పుతుందమ్మా అన్నాను.